బల్లి మీద మనిషి పడితే

పోయిన నెల ఏ.ఎస్. రావు నగర్‌లో వాన పట్టుకుంటే ఎదురుగా కనిపించిన పెంపుడు జంతువుల దుకాణంలోకి వెళ్ళి నిలబడ్డాను. గాజు పెట్టెల వరస చివర ఒక లెపర్డ్ గెకో ఉంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, బొద్దు తోక, అరచేతిలో పట్టేంత బల్లి. దాని ముందు ఒక జంట నిలబడి చూస్తున్నారు. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక చిన్న పుస్తకం తెరిచి వాళ్ళకు చదివి వినిపిస్తోంది.

"తోక లావుగా ఉంటే దానికి లోటు లేదన్నట్టు. తోక సన్నబడుతోందంటే అది తనను తానే తింటోందన్నట్టు."

"ఎంత బాగా రాశారో" అంది ఆ జంటలో ఆవిడ.

వాన తగ్గకముందే బయటికి వచ్చేశాను.

రాసింది నేను. మాట మాత్రం నాది కాదు. మారేడ్‌పల్లిలో ఒక ఇంటి వెనక వరండాలో, చిన్న పీట మీద కూర్చుని, నా వైపు చూడకుండా ఒకామె అన్న మాట అది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆ పుస్తకంలో ఎక్కడా ఆమె పేరు లేదు. ఇక్కడా రాయడం లేదు. వేయమంటారా అని నేను అడగకముందే ఆమే వద్దంది, ఇప్పుడు నా అంతట నేను వేసే హక్కు లేదు. అందరూ ఆమెను కాంపౌండరమ్మ అనేవాళ్ళు. నేనూ అలాగే అన్నాను.

కంపెనీలకు తెలుగు రాసిపెట్టడం నా పని. కుక్కర్ వాడే విధానం, దోమల మందు డబ్బా మీద హెచ్చరిక, సిమెంటు ప్రకటన, ఏదైనా రాస్తాను. మా వాళ్ళది తెనాలి వైపు. నా తెలుగు శుభ్రంగా ఉంటుందని పేరు. పెంపుడు జంతువులు అమ్మే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, లెపర్డ్ గెకోలకు వచ్చే జబ్బుల్ని ఎలా గుర్తుపట్టాలో ఒక చిన్న పుస్తకం రాసివ్వమన్నారు. సరేనన్నాను. ఆ రోజుకు నేను గోడ మీది బల్లిని తప్ప మరో బల్లిని ఎరగను. తెలిసిన పశువుల డాక్టర్ని అడిగితే ఆయన నవ్వాడు.

"నాకు కుక్కలూ పిల్లులూ తెలుసు. ఈ బల్లుల సంగతి నాక్కూడా చెప్పేది కాంపౌండరమ్మే. చదువుకునే రోజుల్లో పశువుల ఆస్పత్రిలో నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడ. వెళ్ళండి. ఫోన్ మాత్రం జేబులోంచి తీయకండి."

ఆదివారం పొద్దున వెళ్ళాను. ముందు భాగంలో ఆమె తమ్ముడి కుటుంబం, వెనక ఒక గది, వరండా ఆమెవి. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, నేత చీర కొంగు నడుముకు బిగించి ఉంది. వరండాలో గోడ వారగా పదకొండు ప్లాస్టిక్ డబ్బాలు, వాటి పైన గోడకు పదకొండు తెలుగు క్యాలెండర్లు. కిరాణా కొట్టువి, మిఠాయి దుకాణంవి, బంగారు నగల అంగడివి. గోడంతా లక్ష్మీదేవులూ వేంకటేశ్వరులే. దగ్గరికి వెళ్ళి చూస్తే అమావాస్యలూ రాహుకాలాలూ ఉన్న ప్రతి గడిలో పెన్సిల్‌తో సన్నటి అంకెలు. ఏ డబ్బాలో బల్లి ఏ రోజు ఎన్ని గ్రాములు తూగిందో ఆ అంకె. బల్లికో క్యాలెండరు.

నేను వచ్చిన పని చెప్పేలోగానే ఒకాయన లోపలికి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అని మెడలో ఆఫీసు కార్డు చెబుతోంది. చేతిలో డబ్బా. ఆమె ఏమైందని అడగలేదు. డబ్బా అందుకుని దాని మీద తువ్వాలు కప్పింది.

"దీని కుడి దిక్కు ముంగటి కాలుకు ఏళ్ళెన్ని?" అంది.

"ఐదు వేళ్ళే కదండీ ఉంటాయి."

"ఉండాల్సినయి అడుగుతలేను. ఉన్నయి అడుగుతున్న."

ఆయన ఫోన్ తీశాడు, ఫోటోల్లో చూద్దామని.

"గా ఫోన్ లోపల పెట్టు బిడ్డా. దీన్ని నువ్వు చూసినవా, ఫోన్ చూసిందా?"

తువ్వాలు తీస్తే మూడే వేళ్ళున్నాయి. ఒళ్ళు మార్చుకునేటప్పుడు పాత తోలు వేళ్ళ చుట్టూ మిగిలిపోతే అది ఎండి దారంలా బిగుస్తుంది, నెత్తురు ఆగిపోయి వేలు రాలిపోతుంది. ఆ సంగతి ఆమె అప్పుడే, ఆయనకు చెబుతూ నాకు చెప్పింది. తర్వాత బల్లిని అరచేతి మీద వెల్లకిలా తిప్పి వెలుతురుకు ఎత్తింది. పల్చటి పొట్ట తోలు కింద నీలంగా ఒక మచ్చ.

"ఇసుక పోసినవా డబ్బాల?"

"ఎడారి జంతువు కదండీ. నేచురల్‌గా ఉంటుందని."

"పురుగును పట్టబోయి దాంతోని ఇసుక సుత మింగింది. కడుపుల గడ్డ కట్టింది. దొడ్డికి పోయి ఎన్ని రోజులైంది?"

ఆయనకు తెలియదు. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో బల్లిని పొట్ట దాకా ముంచి, బొటనవేలితో మెల్లగా పొట్ట నిమురుతూ ఆమె అరగంట కూర్చుంది. ఆ అరగంటా ఆయన నిలబడే ఉన్నాడు, కూర్చోమనలేదు. తర్వాత డాక్టర్ దగ్గరికి పొమ్మని పంపేసింది. తర్వాతి వారం నేను అడిగితే, "సచ్చింది" అంది. "ఆలస్యమైంది. ఆయనకు తెలిసేటాళ్ళకు అది సగం రాయి."

అలా చాలామందిని చూశాను. కాలి వేళ్ళ సంగతి ఒకరిని అడిగితే ఇంకొకరిని కంటి రంగు అడిగేది, మరొకరిని ఏ మూల దొడ్డికి పోతుందని అడిగేది. "ఒక్క మూలకే పోతది. మనుషుల కన్న నయ్యం" అనేది. ఒక్కరైనా సరిగ్గా చెప్పగా నేను వినలేదు. ఫీజు తీసుకునేది కాదు. వచ్చేవాళ్ళు ఒక డబ్బా పురుగులు తేవాలి, అంతే. తెచ్చినవాళ్ళను కూడా తిట్టేది, పురుగులకు తిండి పెట్టకుండా తెచ్చారని. "ఆకలిగొన్న పురుగును తింటే బల్లికేమొస్తది, ఆకలే."

ఆమెకు ఇవి ఎలా అంటుకున్నాయో ఒకసారి తనే చెప్పింది. కంటోన్మెంట్‌లో ఉండే ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ, చెప్పుల అట్టపెట్టెలో ఒక గెకోను ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి పోయాడట. పెద్ద డాక్టరు చూసి, ఇది మన పని కాదు పారేయమన్నాడట. ఈమె ఇంటికి తెచ్చుకుంది. తొమ్మిదేళ్ళు బతికింది. దానికి పేరు పెట్టారా అని అడిగాను.

"పేరెందుకు సారూ. పేరు పెడితే పిలుస్తరు. పిలిస్తే సూసినట్టే అనుకుంటరు."

నన్ను సారూ అంటూనే నువ్వు అనేది. "జెర గా డబ్బ ఇటియ్యి సారూ" అనేది. ఆ పలుకు నాకు మొదట్లో ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైంది. ఆమె మాటలు గబగబా నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. ఒకరోజు, "దవడ గట్టిగుండాలె. రబ్బరు లెక్క మెత్తగైతే బొక్కల్ల సున్నం లేదన్నట్టు" అంది. ఇంటికొచ్చి దాన్ని శుభ్రం చేసి, 'రంధ్రాలలో సున్నం తగ్గినప్పుడు' అని రాశాను. మా వైపు బొక్క అంటే కన్నమే మరి. చదివి వినిపిస్తే ఆమె నా మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బొక్కలంటే ఎముకలు సారూ. ఇన్నేండ్లు ఈడ బతికి గది సుత తెల్వదా?" ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మిగతా రాతనూ అలాగే దులిపేసింది. నేను 'ఆహార విముఖత, నిరాసక్తత, శారీరక క్షీణత' అని రాశాను.

"గివేం రోగాలు?"

"రోగాలు కాదమ్మా. తినడం లేదు, కదలడం లేదు, చిక్కిపోయింది అని."

"మరి గట్లనే రాయి. సదివెటోడు గాబరా పడాలె. నీ మాటలకు వాడు నిద్రపోతడు."

అలాగే రాశాను. కళ్ళు లోపలికి పోతే నీళ్ళు చాలలేదని. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తుంటే, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే ఛాతీకి చలి పట్టిందని. కాళ్ళు వణికితే, వంకర తిరిగితే ఎముకలు మెత్తబడ్డాయని. నా పదిహేనేళ్ళ పనిలో అంత మంచి తెలుగు రాయలేదు.

రాయడం అయిపోయిన రోజు ఆమె లేచి మిఠాయి దుకాణం క్యాలెండర్ని తిరగేసి చూపించింది. వెనక వైపు బల్లిపాటు ఫలితాలు అచ్చు వేసి ఉన్నాయి. తల మీద పడితే కలహం, భుజం మీద పడితే లాభం, అలాంటివి.

"మన మీద బల్లి పడితే ఏమైతదో ప్రతి యేడు అచ్చేస్తరు" అంది. "బల్లి మీద మనిషి పడితే దానికేమైతదో ఎవ్వలు రాయలె. నువ్వు ఆఖర్ల ఒక్క మాట రాయి. రోజు పది నిమిషాలు కూసోని సూసే ఓపిక లేనోళ్ళు దీన్ని కొనకుండ్రి అని. గంతే. నా పేరొద్దు, గీరొద్దు. గా మాట ఉండాలె."

అక్కడే, ఆమె ముందే రాశాను. 'రోజూ పది నిమిషాలు కూర్చుని చూసే ఓపిక లేనివాళ్ళు దీన్ని కొనవద్దు.' ఆమె కాగితం తీసుకుని ఆ వాక్యం కింద వేలు పెట్టి తనకు తాను చదువుకుంది. మంచిగున్నది అంది.

వారం తర్వాత కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. పుస్తకం అద్భుతంగా ఉందన్నాడు. "ఆ చివరి లైను ఒక్కటి తీసేస్తున్నాం సార్. అమ్మే చోట కొనొద్దని రాస్తే ఎలాగ, మీరే చెప్పండి."

"నిజమేలెండి" అన్నాను.

నేను అన్నది ఆ ఒక్క మాటే. వాదించలేదు. ఇది నా మాట కాదు, ఒకామెకు ఇచ్చిన మాట అని చెప్పలేదు. ఆ వాక్యం ఉన్న చోట 'రండి, మీ కొత్త నేస్తాన్ని ఎంచుకోండి' అని వేశారు. అట్ట వెనక 'నిపుణుల సలహాతో' అని ఉంది. ఆ తర్వాత వాళ్ళు నాకు కుక్కల పుస్తకం, పిల్లుల పుస్తకం ఇచ్చారు. మారేడ్‌పల్లి మీదుగా వెళ్ళే పని పడినా వేరే దారిలో వెళ్ళేవాణ్ణి.

నాలుగు నెలలకు ఆమే ఫోన్ చేసింది. ఒకసారి రమ్మంది. గొంతులో కోపం లేదు.

వెళ్ళేసరికి వరండాలో నడిచే చోటు లేదు. పదకొండు డబ్బాలు ఇరవై దాటాయి. కంపెనీ వాళ్ళు ఊరంతా బాగా అమ్మారు. కొన్నవాళ్ళకు రెండు నెలల్లో మోజు తీరింది, లేదా బల్లి తినడం మానేసింది. ఎవరో ఆమె చిరునామా చెప్పారు. కొందరు అడిగి ఇచ్చి పోయారు, కొందరు గేటు దగ్గర పెట్టేసి పోయారు. ఆమె ఒక డబ్బా నా ముందు పెట్టింది. లోపల ఒక గెకో, తోక పెన్సిలంత సన్నగా. దాని కింద పరిచిన కాగితాలు నా పుస్తకంవే. చింపి పరిచారు.

"ఆఖరి పేజీ ఉన్నది. తీసి సదువు సారూ."

బల్లిని పక్కకు జరిపి ఆ కాగితం తీశాను. మరకల మధ్య అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. చదివాను. రండి, మీ కొత్త నేస్తాన్ని ఎంచుకోండి.

"నా మాటేది?"

"కంపెనీ వాళ్ళు తీసేశారమ్మా."

"నిన్ను అడిగి తీసిన్రా, అడుగక తీసిన్రా?"

"అడిగారు."

"నువ్వేమన్నవ్?"

నేను ఆ కాగితాన్ని మడవసాగాను. ఆమె ఆ బల్లిని తీసి త్రాసు మీద పెట్టిన టిఫిన్ డబ్బా మూతలో ఉంచి, అంకె చూసి, గోడ మీది ఒక క్యాలెండరులో రాసింది. అప్పుడు మాట్లాడింది.

"ముప్పై యేండ్లు ఆస్పత్రిల నౌకరీ చేసిన. బర్రెకేమైందో, కుక్కకేమైందో నేను సూసి చెప్తే డాక్టర్లు రాసుకునేటోళ్ళు. సంతకం వాళ్ళది. నాకేం తక్లీఫ్ లేకుండె. పేరు వాళ్ళు తీసుకున్నా మాట ఉంచేటోళ్ళు. జానవర్ బతికేది." పెన్సిలు కింద పెట్టి, "నువ్వు మాట సుత తీసేసినవ్" అంది.

క్షమించండి అన్నాను. ఆ మాట ఆమె విననట్టే ఉంది.

"ఐతారం ఐతారం వచ్చి డబ్బాలు కడుగు. నా ఒక్కదానితోని ఐతలేదు."

వెళ్ళాను. నాలుగు ఆదివారాలు వరసగా వెళ్ళాను. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షు. అరగని పురుగులు అలాగే బయటపడ్డ మలం, నీళ్ళలా పోయిన విరేచనం, నేను చక్కటి వాక్యాలుగా రాసినవన్నీ నా గోళ్ళ కిందికి వచ్చాయి. ఆ సన్నతోక దానికి పేగుల్లో కంటికి కనిపించని పురుగు. మందు లేని జబ్బు. పక్క డబ్బాలకు అంటుకుంటుందని దాన్ని స్నానాల గదిలో విడిగా ఉంచింది, దాని చెంచా వేరు, దాని గుడ్డ వేరు, దాన్ని ముట్టుకున్నాక మోచేతుల దాకా కడుక్కునేది. చావబోయే దానికి ఇంత ఎందుకమ్మా అన్నాను.

"సచ్చేదాంక బతికే ఉంటది కద" అంది.

నాలుగో ఆదివారం అది పోయింది. క్యాలెండర్ని మేకు నుంచి తీసి, మడిచి, లోపల పెట్టెలో పెట్టింది. నాకు టీ ఇచ్చింది. వచ్చే వారం వస్తావా అని అడగలేదు. వస్తానని నేనే చెప్పాను.

ఐదో ఆదివారం పెళ్ళి. ఆరోది పని. ఏడో ఆదివారం వెళ్ళాలనే అనుకున్నాను, మధ్యాహ్నం దాకా అనుకుంటూనే ఉన్నాను. ఆమె ఫోన్ చేయలేదు. చేస్తే వెళ్ళేవాణ్ణేమో. చేయలేదు కాబట్టి అవసరం తీరిందని చెప్పుకున్నాను.

చలికాలం మధ్యలో ఒక శుక్రవారం ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. క్యాలెండరు అట్ట మీద నా నంబరు ఉందట. "అక్క మంగళారం పోయింది సార్. గుండె. అన్నం తిని పండుకున్నది, లేవలె. ఈ బల్లులను ఏం చేయాల్నో మాకు సమజ్ ఐతలేదు. పిల్లలు భయపడుతున్నరు."

వెళ్ళాను. తమ్ముడు మంచివాడే. అక్క గదిని కడిగించి, డబ్బాలన్నీ పెరట్లో పంపు పక్కన పెట్టించాడు. వాటి కింద వెచ్చదనం కోసం పరిచే కరెంటు పట్టీలు వైర్లతో సహా ఒక మూటలో ఉన్నాయి. షాక్ కొడుతుందేమోనని తీసేశామన్నాడు. మూడు రోజులు డిసెంబరు చలిలో, బండ మీద. అప్పటికి మిగిలిన పద్నాలుగు డబ్బాల్లో ఆరింట్లో కదలిక లేదు. మిగతావి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఛాతీకి చలి పట్టిందని నాకు చూడగానే తెలిసింది. తెలిసినా అప్పటికప్పుడు చేయగలిగింది లేదు.

లోపల గోడ మీద క్యాలెండర్లు ఇంకా ఉన్నాయి. సోమవారం దాకా అంకెలున్నాయి.

అక్కడి నుంచే కంపెనీ మేనేజరుకు ఫోన్ చేశాను. బయటి జంతువుల్ని తీసుకోవడం తమ పాలసీలో లేదన్నాడు. పశువుల డాక్టరు వచ్చి, చాలాసేపు పెరట్లో ఊరికే నిలబడి, బతికున్నవాటిలో ఆరింటిని తీసుకెళ్ళాడు. రెండు నేను తెచ్చుకున్నాను.

తెచ్చుకుని పట్టీ వేశాను, నీళ్ళు పెట్టాను, పురుగులు వేశాను. రెండూ ఆ చలి నుంచి కోలుకున్నాయి. నెల రోజులు బాగానే ఉన్నాయి. తర్వాత పిల్లుల పుస్తకం రెండో ముద్రణకు మార్పులు అడిగితే ఆ పనిలో పడ్డాను. పొద్దున మూత తీసి పురుగులు వేసి మూత పెట్టేసేవాణ్ణి. వేసిన పురుగులు మర్నాడు అలాగే ఉంటే, చలికి తినడం లేదనుకుని తీసేసి కొత్తవి వేసేవాణ్ణి. ఒక పొద్దున పురుగుల డబ్బా చేతిలోంచి జారి పడితే, ఏరడానికి నేల మీద కూర్చున్నాను. అప్పుడు నా కళ్ళు డబ్బా గోడకు సరిగ్గా ఎదురుగా వచ్చాయి. చిన్నదాని తోక ఎముక కనిపించేలా ఉంది. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి. నేను రాసిన పుస్తకం మొదటి పేజీ నుంచి నాలుగో పేజీ దాకా దాని ఒంటి మీద ఉంది.

అట్టపెట్టెలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూసి, త్రాసు మీద పెట్టి, పెదవి విరిచాడు. చీటీ ముందుకు లాక్కున్నాడు.

"తినడం మానేసి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

నాకు తెలియదు. పదిహేను రోజులో, ఇరవై రోజులో. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కాంపౌండరమ్మ దగ్గర పని నేర్చినవాడు, నేనూ ఆమె దగ్గరే కూర్చున్నానని తెలిసినవాడు, కలం పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"నిన్నటి నుంచే డాక్టర్ గారూ" అన్నాను.

ఆయన బల్లి తోక వైపు చూశాడు. నేను చెప్పిందే చీటీ మీద రాసుకున్నాడు.